గుండెకా, కిడ్నీలకా

ఆ పొద్దున నిచ్చెన ఎక్కుతున్నప్పుడే అతనికి ఒంట్లో ఏదో తేడాగా అనిపించింది. కానీ ఆ తేడా కొత్తదేమీ కాదు. కొన్ని నెలలుగా టవర్ క్రేన్ ఎక్కేటప్పుడు ఆగే చోటల్లా ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. కింద నుంచి ఎవరైనా తలెత్తి చూస్తే బోల్టులు తడిమి చూస్తున్నట్టు నటించేవాడు. నిచ్చెన ఎక్కలేనివాడికి క్రేన్ ఎవరిస్తారు?

సైటులో అందరూ అతన్ని గద్ద అనేవారు. పగలంతా ఆకాశంలోనే ఉంటాడు, కింద చీమ కదిలినా కనిపెడతాడు అని ఎవరో సరదాకి పెట్టిన పేరు అది. చివరికి అసలు పేరుతో పిలిస్తే అతనే వెంటనే పలికేవాడు కాదు.

గద్దకు షుగర్ ఉంది, బీపీ ఉంది. గుర్తున్న రోజున మాత్రలు వేసుకునేవాడు. పైన క్యాబిన్‌లో బాత్రూం ఉండదు కాబట్టి నీళ్ళు తక్కువ తాగేవాడు. భార్య ఒక బేకరీలో కేకుల మీద క్రీముతో పేర్లు రాసే పని చేస్తుంది. "ఊరందరికీ తీపి పంచి ఇంట్లో నాకు మాత్రం చేదు బిళ్ళలా?" అని ఆమెను ఆటపట్టించేవాడు. కిందటి ఏడు కంపెనీ వాళ్ళు చేయించిన పరీక్షల్లో కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయని డాక్టర్ చెప్పిన సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం అతని అన్న. అన్నకూ షుగరే. అది కిడ్నీలను తినేసింది. చివరి నాలుగేళ్ళూ రోజు మార్చి రోజు డయాలసిస్ కుర్చీలో గడిపాడు. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చేతి మీద నరం తాడులా ఉబ్బిపోయి, ముట్టుకుంటే లోపల తేనెటీగ ఉన్నట్టు జుమ్మనేది. గ్లాసు నీళ్ళు తాగాలన్నా లెక్క. ఎండాకాలంలో ఐసు ముక్క నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అది చూసినప్పటి నుంచి గద్దకు చావంటే ఎంత భయమో తెలీదు గానీ, ఆ కుర్చీ అంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి.

ఆ రోజు ఇనప చువ్వల కట్టను పైకెత్తి భవనం మీదుగా తిప్పుతున్నాడు. కింద వాకీటాకీ పట్టుకుని సైగలిచ్చేది అతని బావమరిది.

"బావా, కొంచెం ఎడమకి... ఇంకొంచెం... ఆఁ, అంతే."

అప్పుడే గద్దకు చెమటలు పట్టాయి. ఒళ్ళంతా ఒక్కసారిగా తడిసి చల్లబడిపోయింది. కడుపులో తిప్పింది. దవడ బిగుసుకుపోయింది. షుగర్ పడిపోయిందనుకున్నాడు. జేబులోంచి గ్లూకోజ్ బిళ్ళలు తీసి నోట్లో పోసుకుని నమిలాడు. తగ్గలేదు. ఎడమ చెయ్యి క్రేన్ మీట మీద ఉందని కంటికి తెలుస్తోంది, చేతికి తెలియడం లేదు. ఎదురుగా ఉన్న అద్దం మసకబారింది. అద్దమా, తన కళ్ళా?

హుక్కుకు టన్నుల ఇనుము వేలాడుతోంది. దాని నీడ కింద నడుస్తున్న మనుషుల మీదుగా జరుగుతోంది. తను ఇప్పుడు స్పృహ తప్పితే ఏమవుతుందో గద్దకు తెలుసు.

"ఒరే," అన్నాడు వాకీటాకీలో. "కింద ఎవరూ లేకుండా చూడరా."

"ఏమైంది బావా?"

"ముందు చూడరా!"

ఆ గొంతు విని బావమరిది మరో మాట అడగలేదు. విజిల్ ఊదుతూ, చేతులు ఊపుతూ మనుషుల్ని తరిమాడు. గద్ద కట్టను ఖాళీ స్థలం వైపు తిప్పాడు. తిప్పడంలో చెయ్యి ఒక్క క్షణం తడబడింది. కట్ట ఊగింది. కింద ఎవరో కేక పెట్టారు. అతను ఊపిరి బిగబట్టి, ఊపు తగ్గేదాకా ఆగి, కొంచెం కొంచెంగా దించాడు. ఇనుము నేలకు ఆనిన చప్పుడు పైదాకా వినిపించింది.

"దింపేశావు బావా. హుక్కు విప్పుతున్నారు. ఇప్పుడు చెప్పు, ఏంటి?"

"నేను దిగలేను రా."

బావమరిదికి ఎత్తంటే చచ్చేంత భయం. మేడ మీద బట్టలు ఆరెయ్యమన్నా కళ్ళు తిరుగుతాయనే మనిషి. దానికి తోడు బొజ్జ. పక్క క్రేనుకు మనుషుల్ని దించే బుట్ట తగిలిస్తున్నారు, ఫస్ట్ ఎయిడ్ మనిషి అందులో వెళ్తాడు, నువ్వు ఆగు అని సూపర్‌వైజర్ అరుస్తున్నా వినకుండా నిచ్చెన పట్టుకున్నాడు. కిందికి చూడకుండా, తనను తనే తిట్టుకుంటూ ఎక్కాడు. క్యాబిన్ తలుపు తీసేసరికి బావ ముఖం సిమెంటు రంగులో ఉంది.

"నువ్వెందుకొచ్చావురా?" అన్నాడు గద్ద.

"నాకూ తెలీదు బావా. ఇప్పుడు మనిద్దర్నీ దింపాలి."

గద్ద నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. బావమరిది అతని చల్లని చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. బుట్ట గాల్లో ఊగుతూ వచ్చి క్యాబిన్ పక్కన ఆగింది. ఫస్ట్ ఎయిడ్ మనిషి గద్ద చేత ఆస్పిరిన్ నమిలించి, అతన్ని బుట్టలోకి చేర్చి, బావమరిదినీ ఎక్కించి బెల్టులు బిగించాడు. బుట్ట దిగుతున్నంతసేపూ బావమరిది కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. బావ చెయ్యి మాత్రం వదల్లేదు.

*

ఆసుపత్రిలో గుండె డాక్టర్ ఈసీజీ కాగితం ఒక్కసారి చూసి బల్ల మీద పెట్టేసింది. సన్నగా, చురుగ్గా ఉన్న మనిషి. మాట కూడా అలాగే ఉంది.

"హార్ట్ ఎటాక్. రక్తనాళం మూసుకుపోయింది. వెంటనే తెరవాలి."

"నొప్పి లేదండీ నాకు," అన్నాడు గద్ద. నొప్పి లేనప్పుడు అది గుండె ఎలా అవుతుందని అతని ఆశ.

"అదే అసలు సమస్య. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే నరాలు మొద్దుబారిపోతాయి. గుండె మొత్తుకుంటున్నా మీకు వినపడదు. మెట్లెక్కితే ఆయాసం ఎన్నాళ్ళుగా ఉంది?"

బావమరిది గద్ద వంక చూశాడు.

అప్పుడే భార్య వచ్చింది. ఏప్రన్ కూడా విప్పలేదు, మోచేతి దగ్గర గులాబీ రంగు క్రీము ఎండిపోయి ఉంది. లోపలికి వస్తూనే మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. నర్సు రక్త పరీక్ష ఫలితం తెచ్చి డాక్టరుకు చూపించింది. డాక్టర్ కనుబొమలు ముడిపడ్డాయి.

"మీ కిడ్నీలు దెబ్బతిన్నాయని మీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు గద్ద గోడ వైపు చూస్తూ.

భార్య ఉలిక్కిపడింది. ఆ మాటకు ఏమనాలో ఆమె తేల్చుకునే వ్యవధి డాక్టర్ ఇవ్వలేదు. నాళం ఎక్కడ మూసుకుపోయిందో కనిపించాలంటే రంగు మందు ఎక్కించాలనీ, అది కిడ్నీల గుండానే బయటికి పోవాలనీ, వీలైనంత తక్కువ వాడతామనీ, అయినా కిడ్నీలు ఇంకా దెబ్బతినే అవకాశం ఉందనీ గబగబా చెప్పింది. "కొందరికి కొన్నాళ్ళు డయాలసిస్ అవసరమవుతుంది. చాలామందికి కాదు."

గద్ద చెవికి ఒక్క ముక్కే అందింది.

"నాకొద్దు," అన్నాడు.

"ఏంటి వద్దు?"

"ఆ మందు వద్దు. మాత్రలతో చూడండి. ఏమైనా అయితే అవనీండి."

డాక్టర్ అతని ముఖంలోకి వంగింది. "చూడండి, కిడ్నీలకు రక్తం పంపేది ఈ గుండే. ఇది తొయ్యడం మానేస్తే వాటికి అందేదేముంది? ఇప్పుడు కిడ్నీల కోసం గుండెను వదిలేస్తే రెండూ పోతాయి. ఎంత ఆలస్యం చేస్తే కండ అంత చచ్చిపోతుంది. మీరు ఒప్పుకోకుండా నేను చెయ్యి వెయ్యలేను."

ఆమె భార్య వైపు తిరిగి, మాట్లాడమన్నట్టు తలూపి, తెర అవతలికి వెళ్ళింది.

గద్ద భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు మా అన్నని చూశావుగా," అన్నాడు. "నా వల్ల కాదు. ఆ కుర్చీలో కూచోలేను."

"చూశాను," అంది ఆమె. "మీ వదినను కూడా చూశాను. ఆ నాలుగేళ్ళూ ఆయనకు దప్పికేస్తుందని ఆవిడ ఆయన ఎదురుగా నీళ్ళు తాగేది కాదు. వంటింట్లోకెళ్ళి తాగేది. పోయాక నాతో ఏమందో తెలుసా? ఇంకో నాలుగేళ్ళు అలా చాటుగా తాగమన్నా తాగేదాన్నే అంది."

అతను ఆమె మోచేతి మీద ఎండిన క్రీమును బొటనవేలితో గీకాడు.

"కిడ్నీల సంగతి నాకెందుకు చెప్పలేదండీ?"

"భయపడతావని."

"ఇప్పుడు పడట్లేదా?" అంది ఆమె. కళ్ళు తుడుచుకోలేదు. "మీకూ భయమే, నాకూ భయమే. ముందు బతకండి. కుర్చీ వస్తే పక్కన స్టూలేసుకుని కూచుంటాను. రాకపోతే ఇంటికెళ్దాం. సంతకం పెట్టండి."

అతను కాసేపు పైకప్పు వంక చూశాడు. ఆ కాసేపట్లో గుండె కండ ఎంత పోతోందోనని ఆమెకు ప్రాణం విలవిల్లాడింది, కానీ తొందరపెట్టలేదు. చివరికి అతను చెయ్యి చాపాడు. పెన్ను నిలవక సంతకం వంకరగా వచ్చింది.

*

నాళం తెరిచారు, స్టెంటు వేశారు. బతికాడు. ఆ కబురు విని బావమరిది కారిడార్‌లో నేల మీదే చతికిలబడ్డాడు.

అసలు భయం మర్నాడు మొదలైంది. గద్దకు ఊపిరాడలేదు. పడుకుంటే నీళ్ళలో మునుగుతున్నట్టుంది, లేచి కూచుంటేనే గాలి అందుతోంది. దెబ్బతిన్న గుండె రక్తాన్ని ముందుకు తొయ్యలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కుడి డొక్కలో బరువుగా ఉందంటే నొక్కి చూసి, లివర్ కూడా వాచిందన్నారు.

"నేను మందు ముట్టనండీ," అన్నాడు గద్ద ఆ ఆయాసంలోనే, ఎవరో నింద మోపినట్టు.

"తాగక్కర్లేదు," అంది గుండె డాక్టర్. "షుగర్ వల్ల ఎప్పటి నుంచో కొవ్వు పట్టి ఉంది. ఇప్పుడు గుండె దగ్గర దారి దొరక్క రక్తం వెనక్కి తన్ని లివర్లో నిలిచిపోయింది."

"అంటే లోపల ఎవరికీ ఎవరూ పరాయి కాదన్నమాట," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "ఒకళ్ళు పడితే అందర్నీ లాగుతారు."

భార్య చూపంతా మంచం కింద వేలాడుతున్న మూత్రం సంచీ మీదే ఉంది. అందులో అడుగున కాస్త ముదురు పసుపు. పొద్దున్నుంచి అంతే ఉంది. కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ రక్తంలో నిన్నటికంటే బాగా పెరిగిందని చెప్పారు.

కిడ్నీ డాక్టర్ వచ్చాడు. పెద్దవయసు, నిదానం మనిషి. అతనూ గుండె డాక్టరూ మంచం కాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడుకుంటుంటే గద్దకు ప్రతి మాటా వినిపిస్తోంది.

"నీరు లాగెయ్యాలండీ. మందు పెంచుదాం. ఊపిరితిత్తులు నిండిపోయాయి," అంది ఆమె.

"ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది. ఈ కిడ్నీలు అసలే నిన్నటి దెబ్బ మీద ఉన్నాయి. ఎండబెడితే ఇంక లేవవు."

"లాగకపోతే గుండె ఆగుతుంది."

"నాకు తెలుసమ్మా. అలాగని నీటి వంకతో కిడ్నీలను వదిలెయ్యలేం కదా. గుండె వెనక ఒత్తిడి తగ్గితే కిడ్నీలకూ మేలే. కానీ నెమ్మదిగా, చూసుకుంటూ. డ్రిప్పులో సన్నగా ఇద్దాం."

గద్ద కళ్ళు మూసుకున్నాడు. ఒకదానికి ప్రాణం పోసేది ఇంకోదానికి విషం. తన ఒంట్లో ఎటు కాలు పెట్టినా గొయ్యే అనిపించింది.

మధ్యాహ్నం ఒక మనిషి చక్రాల యంత్రాన్ని తోసుకుంటూ వచ్చి గుమ్మం పక్కన నిలిపాడు. రెండు గొట్టాలు, ఒక తెర, తెల్లటి డబ్బా. గద్ద దాన్ని గుర్తుపట్టాడు. అన్న పక్కన అదే ఉండేది.

"అది నాకేనా?" అన్నాడు. ఆక్సిజన్ మాస్కు వెనక గొంతు సరిగా రాలేదు.

భార్య అబద్ధమాడాలనుకుంది. ఆడలేకపోయింది. కిడ్నీ డాక్టరే మంచం పక్కకు వచ్చాడు.

"మీకే తెప్పించాను," అన్నాడు. "అవసరమైతే వెతుక్కోకూడదని. మందు మొదలుపెట్టాం కదా, సాయంత్రం దాకా చూద్దాం. మూత్రం రావడం మొదలైతే దాన్ని ముట్టుకోం."

"రాకపోతే?"

"పెడతాం. పెట్టినా చాలామందికి కొన్నాళ్ళకు తీసేస్తాం. మీ అన్న కథ మీ అన్నది."

గద్ద కమ్మీలు పట్టుకుని ముందుకు వంగి, ఒక్కో ఊపిరీ లాక్కుంటున్నాడు. ప్రతి ఊపిరికీ గొంతులో గరగర శబ్దం. బావమరిది కిటికీ దగ్గర నిలబడ్డాడు, చేతిలో టీ కప్పు చల్లారిపోయింది. భార్య స్టూలు జరుపుకుని సంచీకి ఎదురుగా కూచుంది. దాన్ని అలా చూస్తూ కూచుంటే అసలే రాదేమోనని చూపు తిప్పుకునేది, తిప్పుకుంటే పట్టించుకోనట్టవుతుందేమోనని మళ్ళీ చూసేది.

గొట్టంలో ఒక బొట్టు జారింది. ఆమె కళ్ళు నులుముకుంది. ఇంకో బొట్టు. నర్సు డ్రిప్పు చూడ్డానికి వచ్చినప్పుడు ఆమె వేలు పెట్టి చూపించింది. నర్సు వంగి చూసి, గొట్టాన్ని సరిచేసింది. సన్నటి ధార సంచీలోకి జారింది.

"వస్తోందండీ," అంది నర్సు. "బాగానే వస్తోంది."

భార్య రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. బావమరిది బయటికి వెళ్ళి, ముక్కు చీదుకుని వచ్చి, "బావా, ఇంతమంది కూచుని నీ ఒంటేలు కోసం ఎదురుచూస్తామని నేనెప్పుడూ అనుకోలేదు," అన్నాడు. మాస్కు వెనక గద్ద భుజాలు కదిలాయి. అది నవ్వో దగ్గో తెలియలేదు.

యంత్రాన్ని వెంటనే తీసుకుపోలేదు. క్రియాటినిన్ ఆ మర్నాడూ పెరిగింది. ఆ తర్వాత పెరగడం ఆగింది, మెల్లగా దిగింది. ఒక పొద్దున గద్ద లేచి చూసేసరికి గుమ్మం పక్కన చోటు ఖాళీగా ఉంది.

*

కిడ్నీలు మునుపటి చోటికి రాలేదు. గుండె కూడా రాలేదు. క్రేన్ ఎక్కడం ఇక కుదరదన్నారు. కంపెనీ వాళ్ళు అతన్ని యార్డులో, కొత్తగా పనిలో చేరేవాళ్ళకు సైగలూ, తాళ్ళు కట్టడమూ నేర్పే పనిలో పెట్టారు. మొదట్లో తల పైకెత్తడానికే మనసొప్పేది కాదు.

మాత్రల డబ్బా నిండుగా ఉంటుంది. అందులో ఒకటి షుగర్‌కని కనిపెట్టినదే అయినా గుండెకూ కిడ్నీలకూ కూడా కాపు కాస్తుందని ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్నారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడ్డది దాని దగ్గరే అని బావమరిది అంటాడు. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి. ఒక్కసారిగా పెరిగితే అది కొవ్వు కాదు, నీరు.

ఆరు నెలల తర్వాత ఒక పొద్దున కాటా మీద ముల్లు బాగా పక్కకు జరిగింది. గద్ద దిగి, మళ్ళీ ఎక్కాడు. మారలేదు. చీలమండ మీద వేలితో నొక్కాడు. గుంట పడి, నిలిచిపోయింది. ముందు మేజోడు పైకి లాగి దాన్ని కప్పేశాడు. మేజోడు అంచు పట్టుకునే కాసేపు కూచున్నాడు. తర్వాత విప్పేశాడు.

"ఇదిగో," అని పిలిచాడు. "ఒకసారి ఇటు రా. నాకు భయంగా ఉంది."

ఆమె పొయ్యి ఆపి వచ్చి, కాలు చూసి, చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో కిడ్నీ డాక్టర్ గుండె డాక్టరుతో ఫోనులో మాట్లాడాడు. నీటి మాత్ర పెంచారు, రక్తంలో పొటాషియం ఎక్కువైందని ఇంకో మాత్ర ఆపారు. క్రియాటినిన్ ఎప్పటి చోటే ఉంది.

"తొందరగా వచ్చారు, మంచిపని చేశారు," అన్నాడు డాక్టర్. "ఆలస్యమైతే మళ్ళీ మంచమెక్కేవారు."

"ఇవి ఎన్నాళ్ళు పనిచేస్తాయండీ?" అడిగాడు గద్ద.

"నిజం చెప్పమంటారా?"

"చెప్పండి."

"నాకు తెలీదు. ఇలాగే చూసుకుంటే చాలా ఏళ్ళు రావచ్చు. ఏ జ్వరమో వచ్చి దెబ్బతీయనూవచ్చు. నెలకోసారి రండి, కలిసి చూద్దాం."

గద్ద తలూపాడు. బయటికి వచ్చి మెడికల్ షాపు ముందు వరసలో నిలబడ్డాడు. భార్య బెంచీ మీద జాగా చూపించి కూచోమంది.

"నేను నిలబడతాలే," అన్నాడు. ఒక నిమిషం ఆగి, "లేదు, ఆయాసంగానే ఉంది," అని వెళ్ళి కూచున్నాడు. ఆమె అతని చేతిలోంచి చీటీ తీసుకుని వరసలో నిలబడింది.